మామగారి కుర్చీ ఎక్కిన రోజు

మొన్న విశాఖపట్నం నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. ఏడో నెలలో తొడల మధ్య ఎముక దగ్గరా, తుంటిలోనూ నొప్పిగా ఉందంటే డాక్టరమ్మ పొట్ట కింద కట్టుకునే బెల్టు ఒకటి ఇచ్చిందనీ, పడుకునేటప్పుడు మోకాళ్ల మధ్య దిండు సర్దే బాధ్యత అల్లుడుగారు తీసుకున్నారనీ, ఈ నొప్పికి వైద్యంలో ఒక పేరు కూడా ఉందనీ చెప్పింది. విని చాలా సంతోషించాను. సంతోషంతో పాటు, ముప్పై అయిదేళ్ల కిందటి ఒక మొహం కళ్ల ముందు మెదిలి, ఉన్న నాలుగు పళ్లూ కొరుక్కున్నాను. ఎందుకంటే ఇదే నొప్పికి ఉద్దానంలోని మా అత్తవారింట్లో కూడా ఒక పేరుండేది. ఒళ్లు బద్ధకం. ఆ నామకరణం చేసింది మావారి అక్కగారు, అంటే మా వదినగారు.

నేను టెక్కలిలో జువాలజీ డిగ్రీ చదివినదాన్ని. కప్ప తుంటి ఎముకల బొమ్మ గీసి, భాగాలన్నిటికీ పేర్లు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను గానీ, అలాంటివి నాకూ ఉన్నాయన్న సంగతి కడుపుతో ఉన్నప్పుడే తెలిసింది. మా అత్తగారు నా పెళ్లికి ముందే పోయారు. ఆవిడ పదవి ఖాళీగా ఉండడం ఇష్టం లేక, అదే వీధిలో కాపురం ఉంటున్న వదినగారు రోజూ పొద్దున్నే వచ్చి దాన్ని నిర్వహించేవారు. ఆ ఇల్లు, మీకు తెలిసిందే, మన ఉద్దానం ఇళ్లన్నిటి లాగే రైలుపెట్టెలా పొడుగు. వీధి పంచలోంచి పెరట్లోకి వెళ్లాలంటే అయిదు గడపలు దాటాలి. గడప దగ్గర కాలెత్తినప్పుడల్లా, ఎవరో నా తొడల మధ్య ఎముకని రెండు చేతులా పట్టుకుని, విరుగుతుందా లేదా అని పరీక్షిస్తున్నట్టుండేది. లంగా తొడుక్కోవాలంటే గోడ సాయం కావాలి. మంచం మీద పక్కకి ఒత్తిగిలాలంటే దేవుడి సాయం కావాలి.

వీటన్నిటికంటే పెద్ద శిక్ష జీడిపిక్కలు. కాల్చిన పిక్కలు కుప్ప పోసుకుని, జీడి అంటి చర్మం కాలకుండా చేతులకి బూడిద రాసుకుని, ఒక మోకాలు మడిచి ఒక కాలు చాపి నేల మీద కూర్చుని కొట్టాలి. కూర్చోవడం ఎలాగో నా సొంతంగానే చేసేదాన్ని, లేవడం మాత్రం ఇరుగుపొరుగుల సహకారంతో జరిగేది. ఒకరోజు ఊళ్లోకి వచ్చిన నర్సమ్మ నా అవస్థ చూసి, కాళ్లు రెండూ దగ్గరగా పెట్టుకుని లేవమనీ, అడుగులు చిన్నవి వెయ్యమనీ, నేల మానేసి కుర్చీలో కూర్చోమనీ చెప్పి వెళ్లింది. మంచి సలహాలే. కాకపోతే ఆ ఇంట్లో ఉన్నది ఒక్కటే కుర్చీ, వీధి పంచలో ఉండే మామగారి చేతుల కుర్చీ. అందులో ఆయన సొంత కొడుకు కూర్చోగా కూడా ఎవరూ చూడలేదు.

"కుర్సీ కావాలట కుర్సీ! నానైతే నొప్పులొచ్చిన పొద్దు కూడా తట్టెడు పిక్కలు కొట్టి లెగిసినాను" అన్నారు వదినగారు. మావారికి చెప్పుకుంటే, అక్క పెద్దది కదా ఊరుకోమని తీర్పు చెప్పి బస్సెక్కి ఉద్యోగానికి వెళ్లిపోయారు. ఆయన మీద పగ వేరే ఖాతా, ఇక్కడ ఎత్తను.

సీమంతం నాడు నన్ను పీట మీద కూర్చోబెట్టారు. ఊరి ఆడవాళ్లంతా ఒక్కొక్కరే వచ్చి బొట్టు పెట్టి, గాజులు తొడిగి వెళ్లేసరికి పూట గడిచిపోయింది. లేవబోతే నడుం కింద భాగం నాతో రానంది. కేక పెట్టాను. ఇద్దరు పట్టుకుని లేవనెత్తారు. నాలుగడుగులు వేశానో లేదో, వదినగారు చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, పొట్ట ముందుకి తోసి, అటూ ఇటూ ఊగుతూ నా వెనకాలే నడిచి చూపించారు. "సూడండర్రా, మా కాలేజీ బాతు!" అన్నారు. చుట్టాలందరూ నవ్వారు. మా అమ్మ నవ్వలేదు, కళ్లు తుడుచుకుంది. అంతవరకూ నాకు నొప్పి ఒక్కటే ఉండేది. ఆ రోజు నుంచి పని కూడా దొరికింది.

మర్నాడు పొద్దున్నే గడపలన్నీ దాటుకుంటూ వీధి పంచలోకి వెళ్లి, మామగారి కుర్చీలో కూర్చున్నాను. ఆయన వచ్చి లెమ్మంటే ఆ పూటే పలాసలోని పుట్టింటికి పోవలసిందే, తిరిగి వచ్చేది అనుమానమే. అందుకని బట్టలు ముందే సర్దిపెట్టుకున్నాను.

"ఏటే, ఎక్కడ కూకున్నావో తెలుత్తందా? నాన్న వత్తన్నాడు, లెగు!" అని వదినగారు వీధికి వినిపించేలా అరిచారు.

"లేవలేను వదినా, ఒళ్లు బద్ధకం" అన్నాను.

మామగారు కొబ్బరితోటలోంచి వచ్చి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, నన్ను చూశారు, కూతుర్ని చూశారు. నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. ఆయన మెల్లగా అరుగు అంచున చతికిలబడి, కూతురితో, "మీ అమ్మ కూడా ఇలాగే నడిసీది. నాను నవ్వీవోడిని" అన్నారు. తువ్వాలు భుజాన వేసుకుని, "టీ ఎట్టమ్మీ. రెండు గ్లాసులు" అన్నారు.

ఆయన పశ్చాత్తాపం ఆయనది. నాకు కావలసింది ఆ రెండో గ్లాసు. దాన్ని వదినగారు స్వయంగా తెచ్చి, వంగి నా చేతికి అందించారు. నేను నిదానంగా తాగి, పంచదార కొంచెం తక్కువైందని మనవి చేశాను.

కాన్పయిన కొన్ని వారాలకే నొప్పి పూర్తిగా పోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పడం అవసరమనిపించలేదు. మరో ఏడాది ఆ కుర్చీలోనే కూర్చుని బిడ్డకి పాలిస్తూ, నేల మీద పిక్కలు కొడుతున్న వదినగారిని పైనుంచి చూశాను. జీవితంలో అంత విశ్రాంతి మళ్లీ దొరకలేదు.

ఇప్పుడు ఆ వీధిలో ఇంటింటికీ పది ప్లాస్టిక్ కుర్చీలు. పిక్కలు కొట్టడానికి పలాసలో యంత్రాలు. మోకాళ్లు అరిగి వదినగారు నేల మీద కూర్చోవడమే మానేశారు. నేను వెళ్లినప్పుడల్లా ఎవరో ఒకరు నాకూ ఒక కుర్చీ తెచ్చి ఆవిడ పక్కనే వేస్తారు. ఇద్దరం టీ తాగుతాం. ఆడపిల్లలకి ఇంత సుఖం వచ్చినందుకు సంతోషించవలసిందే, సంతోషిస్తున్నాను కూడా. కానీ ఇద్దరం ఒకే ఎత్తులో కూర్చున్నాక, మనిషి ఎవరిని చూసి తృప్తి పడాలో మాత్రం తెలియడం లేదు.