మూడో బల్బు

అది ఎనభైల నాటి మాట. అప్పుడు నేను ఉక్కునగరంలో కొత్త ఇంజినీరుని. మా బావకి జబ్బుచేసి కాళ్లూ చేతులూ, మాటా పడిపోయాయి. కదిలేవి కళ్లూ, కనుబొమలే. నేనూ నా మిత్రుడూ ఆరు నెలలు తంటాలుపడి, కనుబొమ కదలికతో బల్బులు వెలిగే యంత్రం చేశాం. నుదుటికి తీగలు అంటిస్తే చాలు. కనుబొమ ఒకసారి ఎగరేస్తే ‘నీళ్లు’, రెండుసార్లయితే ‘అన్నం’. మూడో బల్బు కింద ‘దొడ్డికి’ అని రాయాల్సింది. చూడ్డానికి వచ్చే పెద్ద ఆఫీసరు ముందు అసభ్యంగా ఉంటుందని ‘నమస్కారం’ అని రాశాం. చదువుకున్నవాళ్లం కదా.

ఆఫీసరు రాగానే నమస్కారం వెలిగింది. ఆయన మురిసిపోయి చేతులు జోడించారు. మళ్లీ వెలిగింది, మళ్లీ జోడించారు. ఐదోసారికి, “ఎంత మర్యాదస్తుడయ్యా మీ బావ” అంటూ కుర్చీ లాక్కుని తీరిగ్గా కూర్చున్నారు. నేను గర్వంగా పక్కన నిలబడ్డాను. బావ మొహమంతా చెమటలు.

కాఫీ తెచ్చిన అక్క ఆ మొహం ఒక్కసారి చూసింది.

“నమస్కారాలు సాలుగానీ, బయటికెల్లండి బాబూ. ఆయనకి దొడ్డికొచ్చినాది.”

అప్పటికే ఆలస్యమైపోయింది. బావ కళ్లు మూసుకున్నాడు.

మర్నాడు ఆ ‘నమస్కారం’ కాగితం చింపేసి, అక్షరాలు ఒక్కొక్కటే చూపిస్తూ, కనుబొమ ఎగరేసినచోట ఆగుతూ, అక్కడేం రాయాలో బావనే అడిగాం. ఆరు నెలల్లో మేం ఆయన్ని అడిగిన మొదటి ప్రశ్న అదే.