బూజు పట్టని లెన్సు

బీదర్ గాంధీగంజ్‌లో పప్పుల దుకాణం నడిపే మాణిక్‌రావుకు ఒకటే పిచ్చి, పాత రేంజ్‌ఫైండర్ కెమెరాలకు సరిపడే లెన్సులు పోగుచేయడం. అవి కూడా కెమెరా కంపెనీలవి కావు, ఎప్పుడో మూతపడిన చిన్న కంపెనీలు కొద్దిగా చేసి వదిలేసినవి కావాలి అతనికి.

ఏళ్లుగా వెతుకుతున్న అలాంటి లెన్సొకటి హుమ్నాబాద్‌లో, చనిపోయిన ఒక స్టూడియో ఫోటోగ్రాఫర్ ఇంట్లో కనబడింది. కిటికీ వెలుతురుకు పట్టి చూస్తే అద్దం కడిగిన ముత్యంలా ఉంది. అయినా ఫోటోగ్రాఫర్ భార్య జగదేవితో, "లోపల బూజు పట్టిందక్కా, దేనికీ పనికి రాదు. ఊకెనే పడి ఉంటది, నేను తీస్కపోత" అన్నాడు. ఆమె దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి ఇచ్చింది.

దానితో తీసిన ఫోటోలు ఎంతో బాగా వచ్చాయి. కానీ వాటిని చూసినప్పుడల్లా తనాడిన అబద్ధమే గుర్తొచ్చి, ఎవరికీ చూపించలేకపోయాడు. నెల తిరగకముందే మళ్లీ హుమ్నాబాద్ బస్సెక్కాడు.

"అక్కా, అబద్ధం చెప్పిన. దీంట్ల బూజు లేదు. ఇసొంటిది దొరుకుడే కష్టం" అంటూ లెన్సు ఆమె ముందు పెట్టాడు.

"నాకెరుకే" అంది జగదేవి. "మా ఆయన ఐతారం ఐతారం తుడిచి పెడుతుండె. ఉన్నమాట చెప్పినా ఇద్దును గదనే."

అతనికి చాయ్ పోసింది. లెన్సు మాత్రం లోపల పెట్టేసింది.

ఆ తర్వాత మాణిక్‌రావు ఎవరింటికి పోయినా వస్తువు విలువ ముందే చెప్పసాగాడు. దాంతో మంచి లెన్సులెన్నో చేజారాయి. వాటికి బాధపడలేదు. ఆ రోజు జగదేవి కోప్పడి ఉంటే బాగుండేదని మాత్రం ఇప్పటికీ అనుకుంటాడు.