రెండో ఆటకు ముందు పది నిమిషాలు

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా సగమే రాసి పేజీ తిప్పేశాను. అక్క నన్ను సాయం అడిగితే, జవాబు తెలిసి కూడా తెలియదన్నాను.

అక్క నాకు చుట్టం కాదు. నానక్‌రామ్‌గూడలో మా ఆఫీసు ఉన్న అంతస్తులోనే, వేరే టీములో, కాంట్రాక్టు మీద పనిచేసేది. నాకంటే పదేళ్లు పెద్ద. ఆ ఆఫీసు టవర్ల వెనక ఉన్న పాత ఇళ్లలోనే పుట్టి పెరిగింది. "మా డాబా ఎక్కితే అద్దాలల్లకెళ్లి మీ టీము లీడ్ బట్టతల కనబడ్తది తెలుసా? మధ్యాహ్నం ఎండకు మస్తు మెరుస్తది" అని నవ్వించేది. నేను మణికొండ హాస్టల్ నుంచి వచ్చి, భోజనాల గదిలో మూల బల్ల దగ్గర పుస్తకం తెరుచుకుని ఒక్కదాన్నే తినేదాన్ని. ఒకరోజు ఆమె వచ్చి ఎదురుగా కూర్చుని, పుస్తకం మూసి పక్కన పెట్టి, తన డబ్బా మూత తీసి నా ముందుకు తోసింది. ఆ ఆఫీసులో పని లేకుండా నాతో మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే.

ఆ ఏడాది మా కంపెనీలో బాట్ల పోటీ పెట్టారు. కంప్యూటర్ మీద ఆడే యుద్ధం ఆట అది. కూలీల చేత గనులు తవ్వించాలి, కోట కట్టాలి, సైన్యాన్ని పెంచాలి, అవతలివాళ్ల కోట కూల్చాలి. అన్నీ ఒకేసారి, ఆగకుండా. మనుషులు ఆడకూడదు. తనంతట తాను ఆడే ప్రోగ్రాం ఒకటి రాసి వదిలేయాలి, దాన్నే బాట్ అంటారు. రెండు బాట్లు కొట్టుకుంటుంటే మనం కూర్చుని చూడాలి. గట్టి నియమం ఒక్కటే: ఆట నడుస్తున్నంతసేపూ బాట్ తన ఎత్తును రెప్పపాటులో చెప్పాలి. మళ్లీ మళ్లీ ఆలస్యం చేస్తే ఓడినట్టే.

గెలిచిన బాట్ రాసినవాళ్లను కొత్తగా పెట్టబోయే ఏఐ విభాగంలోకి తీసుకుంటామన్నారు. మా టీముకు అది సరదా. అక్కకు కాదు. ఆమె కాంట్రాక్టు ఆ నెలాఖరుతో అయిపోతుంది. "గెలిస్తె పర్మినెంట్ చేస్తరంట. లేకుంటే ఇగ ఇంట్ల కూసునుడే" అంది. ఆమె టీములో ఎవరూ పట్టించుకోకపోతే ఒక్కతే కూర్చుని బాట్ రాసింది. అది ఒక్కొక్కరినీ ఓడించుకుంటూ ఫైనల్‌కు వచ్చింది. రెండో వైపు నుంచి మాది వచ్చింది.

ఫైనల్‌కు వారం ముందు అన్నం తింటూ చెప్పింది. "నా బాట్ మంచిదే గానీ జర పిరికిది. ఎదురుంగ ఎందరు కనబడితే అందర్ని ఒక్కొక్కల్ని లెక్కబెడ్తది. మరీ ఎక్కువైతే పరేషాన్ అయితది. అయినా అంతమందిని తెచ్చేటోడు ఎవడున్నడు?" ఇద్దరం నవ్వుకున్నాం.

రెండు రోజుల తరువాత మా టీము మీటింగు. నేను మీటింగుల్లో మాట్లాడను. కుర్చీ వెనక్కి జరుపుకుని నోట్‌బుక్కు వైపు చూస్తూ కూర్చుంటాను. ఆ రోజు లీడ్ "ఆవిడ బాట్‌ను ఎలా కొడదామండీ? ఒక్కరైనా నోరు విప్పండి" అని విసుక్కుంటుంటే నా గొంతు నాకే వినిపించింది.

"సైనికుల్ని కాదండీ, కూలీల్ని తయారుచేద్దాం. వందల మందిని. ఊరికే అటూ ఇటూ పరిగెత్తిద్దాం. లెక్కపెట్టలేక ఆవిడ బాట్ ఆలస్యం చేస్తుంది."

 లీడ్ బల్ల మీద చరిచాడు. "అమ్మాయ్! ఇన్నాళ్లూ ఈ బుర్రని ఎక్కడ దాచావమ్మా? ఎలా కనిపెట్టావు?"

"ఆవిడ పాత ఆటలు చూశానండీ" అన్నాను.

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఉద్యోగంలో చేరాక నేను అంత సంతోషపడిన సాయంత్రం ఇంకొకటి లేదు. ఇప్పుడు ఆ సంతోషం గుర్తొస్తే నోరు చేదెక్కుతుంది.

ఆ కోడ్ నేనే రాశాను. రాస్తున్నప్పుడే దానికి విరుగుడు కూడా తోచింది. అందరినీ లెక్కపెట్టక్కర్లేదు, దగ్గరగా ఉన్న ఇరవై మందిని లెక్కపెడితే చాలు. ఒకే ఒక్క లైను మార్పు. దాన్ని డైరీలో రాసుకున్నాను కూడా. ఆ వారమంతా మధ్యాహ్నాలు అక్క ఎదురుగానే కూర్చున్నాను, ఆమె తెచ్చిన పచ్చిపులుసు పోసుకుని తిన్నాను, ఆ లైను సంగతి మాత్రం ఎత్తలేదు.

ఫైనల్‌కు పెద్ద హాలు నిండిపోయింది. మూడు ఆటల్లో రెండు గెలిస్తే కప్పు. పిజ్జా డబ్బాల వాసన, ఈలలు. తెర మీద అక్క సైన్యం ఎంత బాగా నడిచిందో! మా గనులు పట్టుకుంది, వంతెన దాటింది, కోట చుట్టూ నిలబడింది. ఇంకొక్క నిమిషమైతే కూల్చేసేది. అప్పుడు మా కోట తలుపులు తెరుచుకుని కూలీలు బయటికొచ్చారు. చేతిలో కర్ర ముక్క కూడా లేని వందల మంది, వాన వెలిశాక పుట్టలోంచి లేచిన ఉసిళ్లలాగా గింగిరాలు తిరిగారు. అక్క సైనికులు కత్తులెత్తి అలాగే ఆగిపోయారు. గెలవబోతున్నవాళ్లు గోడకేసిన బొమ్మల్లా నిలబడిపోయారు. ఆలస్యం, ఆలస్యం, ఆలస్యం, ఓటమి అని తెర మీద పడింది.

హాలు హాలంతా నవ్వింది. "అరే, హ్యాంగైపోయిందిరా!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.  ఒకళ్లను ఓడించడం వేరు, మాట్లాడబోతుంటే నోట్లో గుడ్డలు కుక్కడం వేరు.

రెండో ఆటకు ముందు పది నిమిషాల విరామం. ఆ వ్యవధిలో కోడ్ మార్చుకోవచ్చు. అక్క లాప్‌టాప్ తెరిచి పట్టుకునే నా దగ్గరికి వచ్చింది.

"లెక్క తీసేస్తె గుడ్డిదైతది. ఉంచితె ఆగిపోతది. నడుమ ఏం చెయ్యాలె? నీకేమన్న తోస్తుందా?"

నా వెనక మా టీమంతా ఉంది. లీడ్ నన్నే చూస్తున్నాడని వీపుకు తెలుస్తోంది. ఒక్క లైను.

"తెలీదక్కా" అన్నాను.

"సరే తియ్" అని వెళ్లిపోయింది.

ఆమె లెక్క తీసేసింది. రెండో ఆటలో ఆ సైన్యం కళ్లు లేనట్టు నడిచొచ్చి మా సైన్యం మధ్యలో పడింది. నాలుగు నిమిషాల్లో అయిపోయింది.

బహుమతి అందుకుంటూ మా లీడ్ మైకులో చెప్పాడు. "ఆ కూలీల ఎత్తు మేమెవరం చెప్పలేదండీ. వేల ఆటలు ఆడి ఆడి మా బాట్ తనకు తానే నేర్చుకుంది. అదీ ఏఐ అంటే!" కంపెనీ పెద్దలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ కోడ్‌లో ప్రతి అక్షరం నా వేళ్లు కొట్టినదే. అంత పచ్చి అబద్ధం వింటుంటే అసహ్యమేసింది. అంతకంటే అసహ్యం, అది విని నాకు కలిగిన ఊరట. ఎవరూ ఏమీ చేయలేదు, యంత్రం చేసింది. ఎవరో నా చెంపకు కేకు క్రీము పూశారు. బాత్రూంలో ఎన్నిసార్లు కడిగినా ఆ తీపి వాసన పోలేదు.

అందరికీ కొత్త విభాగంలో సీట్లు వచ్చాయి. నాకూ వచ్చింది.

నెలాఖరు రోజున అక్క ఐడీ కార్డు, లాప్‌టాప్ అప్పగించి కిందికి వెళ్లిందని తెలిసి మెట్లన్నీ దిగి పరిగెత్తాను. ఆమె ఇల్లు ఆటో ఎక్కేంత దూరం కాదు. గేటు దాటి, షేర్ ఆటోల వరుస పక్కనుంచి నడుస్తోంది. నా అడుగుల చప్పుడుకు ఆగింది.

"అక్కా, ఆ రోజు నువ్వు అడిగినప్పుడు నాకు..." అని ఆగిపోయాను. 

ఆమె సంచి ఈ భుజం మీదనుంచి ఆ భుజానికి మార్చుకుంది. కోప్పడలేదు.

"కూలోళ్లు బయటికొచ్చినప్పుడే నీ పనేనని సమజైంది. దానికి మందు నీకు గాక ఇంకెవరికి తెలుస్తది? తెలిసే అడిగిన. చెప్తవనుకున్న."