క్రేన్ క్యాబిన్‌లో తలనొప్పి

నా మైగ్రేన్‌కి మర్యాద తెలుసు, చెప్పకుండా రాదు. ముందు కుడికంటి చివర ఒక మెరుపు గీత, రంపపు పళ్లలా వంకర్లు తిరుగుతూ కనిపిస్తుంది. ఆ తర్వాత నొప్పి.

ఆ మధ్యాహ్నం గీత కనిపించేసరికి నేను పోర్టు యార్డులో, క్రేన్ క్యాబిన్‌లో ఉన్నాను. కొక్కేనికి స్టీలు కాయిల్, టన్నుల బరువున్న రేకు చుట్ట, వేలాడుతోంది. కింద లారీ చుట్టూ మనుషులు.

తలనొప్పి అని మా దగ్గర ఎవరూ చెప్పరు. చెబితే సీటు పోయి, కింద గొలుసులు తగిలించే పని వస్తుంది. ఆ పని చేసి చేసి పైకెక్కినవాణ్ణి నేను. అందుకే మాత్ర మింగి, పళ్లు బిగించి లాగేసేవాణ్ణి. మాత్రలు అతిగా వాడడం వల్ల కూడా తలనొప్పి వస్తోందని గోపాలపట్నం డాక్టరమ్మ వాటిని తగ్గించింది. రోజూ కాసేపు ఊపిరిని గమనించమంది.

"నొప్పి వస్తే కొట్లాడకండి. వచ్చిందని చూడండి."

"చూస్తే పోతుందా అండీ? మా ఇంటికొచ్చిన చుట్టాలు అలా పోలేదు."

ఆవిడ నవ్వలేదు. "పోదు. మీరు బిగుసుకుపోవడం తగ్గుతుంది."

క్యాబిన్‌లో గీత పెద్దదైంది. నా చేతులు బిగుసుకున్నాయి. లివర్ కుదుపుకి కాయిల్ ఊగడం మొదలెట్టింది. వాకీటాకీలో సిగ్నల్ ఇచ్చే స్నేహితుడి గొంతు.

"బావా, ఏటి సేత్తన్నావ్? కాయిల్ ఊగుతంది."

"జోల పాడతన్నాను బావా."

"జోకులెయ్యకు. కింద మనుసులున్నారు."

ఊగే బరువుని కొత్తవాళ్లు వెనక్కి లాగుతారు. అది ఇంకా ఊగుతుంది. అది పోయే వైపే, కొక్కేన్ని మోసే ట్రాలీని నడిపి, దాని నెత్తిమీదికి చేరుకోవాలి. ఊపిరి పీల్చాను. గీత ఉంది, ఉండనిచ్చాను. ఊపిరి వదిలాను. కాయిల్ ఎడమకి పోయింది, వెంట వెళ్లాను. ఊపు చచ్చింది. చేతులకి ఎప్పుడో తెలిసిన పనే. తలనొప్పిని మాత్రం ఇన్నాళ్లూ వెనక్కే లాగుతున్నాను.

ఇప్పుడు నోరు మూసుకుంటే ఎవరికీ తెలీదు. కానీ లారీ దగ్గరి మనుషుల్లో సగంమంది గీత వెనక ఉన్నారు.

"బావా, అందర్నీ పక్కకి తియ్యి. ఖాళీ నేల మీద దించేత్తాను. నాకు సగం సూపు నేదు."

అతను అందర్నీ పక్కకి పంపాడు. "సూపర్‌వైజరు కూడా ఇంటన్నాడు బావా."

"ఇననీ."

అతను మాటతో నడిపించాడు. ఇంకొంచెం, ఇంకొంచెం, ఆపు. కాయిల్ నేల తాకింది. గీత పోయేదాకా కళ్లు మూసుకుని ఊపిరిని చూస్తూ కూర్చున్నాను. అప్పుడు నిచ్చెన దిగాను.

కింద నొప్పి సిద్ధంగా ఉంది, సూపర్‌వైజరు కూడా. డాక్టరు సరేననేదాకా కింద పని అన్నాడు. లారీ నీడన కూలబడ్డాను. స్నేహితుడు నీళ్లు తెచ్చాడు.

"ఇప్పుడేటి సేత్తన్నావ్?"

"నొప్పిని సూత్తన్నాను."

"ఎలాగుంది?"

"ఎప్పట్లాగే ఉంది. నానే కొంచెం తక్కువ ఏడుత్తన్నాను."

అతను తన పాత గ్లవ్స్ నా ఒళ్లో పడేశాడు.

"రేపు నా పక్కనే. గొలుసులెలా తగిలించాలో మర్సిపోయుంటావ్, నేర్పుతాను."