కుడిపక్క సీటు

సాబ్జాన్ కువైట్ నుంచి కారు తెస్తున్నాడంటే హిందూపురంలో ఎవరూ నమ్మలేదు. ఎలా నమ్ముతారు? పద్దెనిమిదేళ్లు అక్కడ ఒకే సేటు దగ్గర డ్రైవరుగా చేసి, ఇంటికి పంపినవి కంబళ్లు, సెంటు సీసాలు, ఒంటిమీద నిలవని నైలాన్ చీరలు. మధ్యలో యుద్ధమొస్తే కట్టుబట్టలతో ఇల్లు చేరి, ఏడాది తిరక్కుండా మళ్లీ వెళ్లిన మనిషి. చివరికి సేటు తన పాత తెల్లకారును సాబ్జాన్ పేరుకు మార్చి ఇక వెళ్లమన్నాడు. సొంత పేరున ఏడాది నడిపితేగానీ ఇండియాకు తీసుకుపోనివ్వరని తెలిసి, సాబ్జాన్ పద్దెనిమిదో ఏడు కూడా అక్కడే ఉండిపోయాడు. ఆ ఏడాదంతా భార్య షహనాజ్ ఫోనులో అంతంతమాత్రంగా మాట్లాడింది.

కారు ఓడెక్కే ముందు మాత్రం గట్టిగా చెప్పింది. "కొత్త బండి ఖాళీగా ఇంటికి రాకూడదు. ఏమన్నా ఏసి పంపు."

మన ఇళ్లల్లో అంతే కదా, ఎద్దులబండి కొన్నా ఓ మూట వేయందే గడప ముందుకు తోలరు. సాబ్జాన్ డిక్కీ నిండా ఖర్జూరాలు, పాలపొడి డబ్బాలు కుక్కాడు. మద్రాసు రేవులో కస్టమ్సువాళ్లు డిక్కీ తెరిచారు. కాగితాల్లో కారుంది, ఖర్జూరాలు లేవు. ఇంకేముంది, కారు రేవులో ఎండకు ఎండింది, సాబ్జాన్ బస్సుల్లో ఎండాడు. హిందూపురం నుంచి బెంగుళూరు, అక్కణ్ణించి మద్రాసు. ఆ సారు లేడు, ఈ సంతకం కాలేదు, రేపు రా. ఎండలు పోయి వానలొచ్చాయి. ఖర్జూరాలకు పురుగు పట్టింది. చెబుతుంటే నాకే ఒళ్లు మండుతోంది, పడినవాడి సంగతి చెప్పాలా? కారు చేతికొచ్చే సరికి అతనికి సంతోషించే ఓపిక కూడా మిగల్లేదు. కొన్నేళ్లు అమ్మకూడదని కూడా రాయించుకున్నారు.

పైగా స్టీరింగు ఎడమవైపు! అక్కడ అన్ని కార్లూ అంతే కాబట్టి సాబ్జానుకు ఆ ఆలోచనే రాలేదు. షహనాజ్ కుడిపక్క కూర్చుంటే పంచర్ల ఓబుళప్ప పగలబడి నవ్వాడు. "ఏమప్పా సాబ్జానూ, మీ ఇంటామె తోలుకోనొచ్చిందా?"

ఇంత పాటూ ఒక్క మాట కోసం. మొదటిసారి కువైట్ పోతూ, కారులో ధర్మవరం తీసుకుపోయి మగ్గం మీది పట్టుచీర కొనిస్తానని షహనాజ్‌తో అన్నాడు. ఆ మాట ఆమె మళ్లీ ఎత్తలేదు. ఎత్తకపోవడమే అతన్ని తినేసింది.

ఒక శుక్రవారం నమాజు కాగానే ధర్మవరం బయల్దేరారు. పెనుకొండ దాటగానే వరిగడ్డి ట్రాక్టరు అడ్డం తగిలింది. ఎడమ సీట్లోంచి సాబ్జానుకు గడ్డి తప్ప ఏమీ కనబడదు. ఎదురుగా ఏమొస్తోందో కుడిపక్క కూర్చున్న మనిషే చెప్పాలి.

"పోదామా?"

"వద్దు. లారీ వస్తాండాది."

"ఇప్పుడు?"

"వద్దు."

ఎన్నిసార్లడిగినా వద్దే. షహనాజ్ కిటికీలోంచి తల బయటపెట్టి, కొంగు గట్టిగా పట్టుకుని చూస్తోంది. గడ్డిపరకలు ఎగిరొచ్చి ఆమె జుట్టులో చిక్కుకుంటున్నాయి. పొద్దు వాలుతోంది. చీరలు నేసే లక్ష్మీదేవమ్మ దీపాలవేళ దాటితే బేరం చేయదు. సాబ్జానుకు ఇన్ని నెలల విసుగూ ఒక్కసారిగా పైకొచ్చింది.

"సరిగ్గా చూస్తాండావా లేదా? ఈ గడ్డి ఎనకాల ఎంతసేపు ఆగల్ల?"

షహనాజ్ తల లోపలికి తీసుకుంది. కోపంగా కూడా అనలేదు.

"పద్దెనిమిదేండ్లు నేను ఆగినా. నువ్వు రోంతసేపు ఆగలేవా?"

సాబ్జాన్ ఎక్సలేటరు మీంచి కాలు తీసేశాడు. ట్రాక్టరు ముందు, కారు వెనక, ఎర్రమంచి దాకా అలాగే పోయారు. అక్కడ ట్రాక్టరు పొలం దారిలోకి తిరిగింది.

ముందు రోడ్డంతా ఖాళీ. ఇప్పుడు అతనికీ కనబడుతోంది. అయినా గేరు మార్చలేదు.

"పోదామా షహనా?"

ఆమె జుట్టులోని గడ్డిపరకలు ఒక్కొక్కటే తీసుకుంటోంది. ఆమె చెప్పేదాకా ఆగాడు.