రెండు కంప్యూటర్లు, ఒకే పలక

ఆ ప్రింటరు చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మా మండలాఫీసులో విత్తన వేరుశనగ మూటల కోసం రైతులు గోడౌనులో చూపించే స్లిప్పులు కంప్యూటర్లో ఇవ్వాలన్నారు. గుంతకల్లులో ఆరు నెలలు జావా నేర్చుకొచ్చినవాణ్ణి కదా, ఆ పని నా నెత్తిన పడింది.

రైతు పేరు, సర్వే నంబరు నింపే ఫారం తేలిగ్గానే రాశాను. సబ్మిట్ నొక్కితే దాన్ని అందుకుని స్లిప్పు తీసే సర్వ్‌లెట్ అనే ప్రోగ్రాము ఎక్కడుందో వెబ్ సర్వర్‌కు చూపించడమే గగనమైంది. రెండు రోజులు నొక్కిన ప్రతిసారీ 404, అంటే అడిగింది దొరకలేదు, అనేది. ఫారంలో రాసిన చిరునామాకూ సెట్టింగుల ఫైల్లో రాసినదానికీ ఒక్క అక్షరం తేడా. అది సరిచేసి మొదటి స్లిప్పు తీసినప్పుడు నా అంతవాడు లేడనుకున్నాను.

కానీ నేను పరీక్షించింది ఒంటరిగా కూర్చుని. జనం వచ్చాక రెండు కంప్యూటర్ల ముందు ఇద్దరు కూర్చున్నారు. మొదటి రోజే ఆపరేటరమ్మ పిలిచింది.

"అన్నా, నేను కొట్టిన పేరొకటి, వచ్చిన పేరొకటి. ఏందో తేడా ఉండాది."

"చూసుకుని కొట్టమ్మా!" అని అందరి ముందూ కసిరాను. ఆమె మళ్లీ కొట్టింది. ఈసారి సరిగ్గానే వచ్చింది. ఆమె తల దించుకుంది. నాకు మాత్రం ఆ పూటంతా మనసు కుదుటపడలేదు.

ఆ సాయంత్రం వాన పడింది. మా ఎర్రనేలల్లో పదును, అంటే విత్తడానికి తగిన తడి, మూడు నాలుగు రోజులకు మించి ఆగదు. తెల్లారి మా నాయన వరుసలో నిలబడి స్లిప్పు తీసుకున్నాడు. సర్వే నంబరు మాదే, పేరు ఇంకెవరిదో. గోడౌను కాడ మూటలు ఇవ్వం పొమ్మన్నారు.

అప్పుడు కోడ్ తెరిచాను. సర్వర్ అందరికీ కలిపి ఒకే సర్వ్‌లెట్‌ను నడుపుతుంది. పేరు దాచే చోటు ఎవరిది వాళ్లకు విడిగా ఉండాలి, నేను ఉమ్మడిగా పెట్టాను. ఇద్దరూ ఒక్కసారి నొక్కితే ఒకే పలక మీద ఇద్దరు రాసినట్టే. పేరు దాచే ఆ ఒక్క లైనును, నొక్కిన ప్రతిసారీ విడిగా నడిచే భాగంలోకి జరిపితే సరిపోయింది.

నాయన స్లిప్పు మార్చడానికి మాత్రం పై అధికారి సంతకం కావాలన్నారు. అది వచ్చేసరికి ఐదు రోజులైంది. చేన్లో నాయన పిడికెడు మట్టి తీసి వదిలాడు. దుమ్ము లేచింది.

"పేరు తప్పు కొట్టినోళ్లు ఎవురప్పా?"

"ఆడ కంప్యూటరు కాడ కూర్చున్న ఆయమ్మ, నాయనా," అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో నోటికి!

"పాపం, కావాలని చేసింటాదా. అందరి ముందర ఆయమ్మను ఏమన్నా అనేసినావా ఏంది?"

"లేదు నాయనా," అన్నాను.