నేను తీసుకోని బాప్తిస్మం

డిగ్రీ వచ్చేసింది! ముందు ఆ మాట చెప్పేయాలి, మిగతావి తర్వాత. ఆరేళ్ళు పట్టింది. పగలు ఇక్కడ కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో పని, సాయంత్రాలు క్లాసులు. అమ్మ వైపు చూసినా నాయన వైపు చూసినా మా వంశంలో డిగ్రీ చేతికొచ్చిన మొదటి మనిషిని నేనే. అమ్మ మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసింది. నాయన బతికున్నన్నాళ్ళూ ఇటుకలు మోశాడు. నేను పాలిటెక్నిక్ డిప్లొమాతో ఈ దేశం వచ్చాను. శుక్రవారం యూనివర్సిటీ పంపిన ఈమెయిల్‌ని మా ఆవిడ ప్రింటు తీసి ఫ్రిజ్‌కి అతికించింది. నీళ్ళ కోసం ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా చదువుకున్నాను.

ఆ సాయంత్రమే కాల్గరీలో ఉంటున్న మావయ్య గారికి, అంటే మా ఆవిడ వాళ్ళ నాన్నకి చెప్పాను. శనివారం పొద్దున ఊళ్ళో ఉన్న అమ్మకి ఫోన్ చేశాను. అక్కడ సాయంత్రం, గుడిలో ప్రార్థన అయిపోయి ఇంటికొచ్చే వేళ. మా ఆవిడ దోసెలు పోస్తూ తను కూడా వింటానంది. ఫోన్ స్పీకర్లో పెట్టాను.

"అమ్మా, పాసయ్యా. డిగ్రీ అయిపోయింది."

"నిజంగానా నాయనా? స్తోత్రం ప్రభువా, స్తోత్రం! మీ నాయన ఉంటే వీధి వీధంతా చెప్పుకొచ్చేవాడు. కోడలమ్మా, ఉన్నావా? వీడి చేత చదివించింది నువ్వే గదమ్మా. మేం చెబితే టెన్త్ పుస్తకమే తెరవలేదు."

"కొట్టి చదివించా అత్తయ్యా," అంది మా ఆవిడ. ఇద్దరూ నవ్వుకున్నారు.

నవ్వాక అమ్మ గొంతు మెత్తబడింది. "దేవుడు నీకు ఇంత చేశాడు. ఇంకేం అడ్డం నాయనా? ఇకనన్నా బాప్తిస్మం తీసుకో. నీ ఈడు పిల్లలంతా తీసుకున్నారు, నువ్వొక్కడివే మిగిలిపోయావు. కోడలమ్మా, నువ్వైనా చెప్పమ్మా. నీ మాటైతే వింటాడు."

పెనం మీద దోసె మాడిన వాసన వచ్చింది.

"చెప్తా అత్తయ్యా," అంది మా ఆవిడ. "తప్పకుండా చెప్తా." గొంతులో ఏ మార్పూ లేదు. అమ్మని భోజనం చేశారా, మోకాలి నొప్పి ఎలా ఉంది అని కూడా అడిగింది. ఫోన్ పెట్టేశాక పొయ్యి ఆపేసి నా వైపు తిరిగింది.

"అత్తయ్య ఏమంటున్నారు?"

నేనన్న మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను. "అమ్మకి వయసైపోయింది కదా, మతిమరుపు," అన్నాను.

"పోయిన వారమే మన పెళ్ళి వీడియోలో ఎవరెవరు ఏ రంగు చీర కట్టుకున్నారో వరసపెట్టి చెప్పారు నాకు. ఆవిడకి మతిమరుపా?"

మా పెళ్ళయి నాలుగేళ్ళు. ఆమె ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్కు. నేను బాప్టిస్టు. ఇక్కడి తెలుగు క్రైస్తవులు కలిసి చేసుకునే క్రిస్మస్ విందులో పరిచయమయ్యాం. ఆ రోజు లూథరన్లు, పెంతెకోస్తు వాళ్ళు, మేమూ వాళ్ళూ అందరం ఒకే బిర్యానీ లైన్లో నిలబడ్డాం. "మీ వాళ్ళు ముంచుతారు, మా వాళ్ళు చిలకరిస్తారు. ఎటైనా తడవక తప్పదుగా," అందామె. నేను పగలబడి నవ్వాను. నేను ఎటూ తడవలేదని అక్కడే చెప్పి ఉంటే, ఆ నవ్వులోనే తేలిపోయేది.

వాళ్ళలో బాప్తిస్మాన్ని జ్ఞానస్నానం అంటారు, పసిపిల్లలకే ఇచ్చేస్తారు. మాలో అలా కాదు. ఊహ తెలిశాక, మనసు నిర్ణయించుకున్నాక, అందరి ముందూ ఒప్పుకుని నీళ్ళలో దిగాలి. నాకు పదిహేనేళ్ళప్పుడు మా బ్యాచ్ అంతా తెల్లబట్టలు వేసుకుని కాలవకి బయల్దేరింది. పాస్టరు గారు ఒక్కొక్కణ్ణీ అడిగారు, నిర్ణయించుకున్నావా అని. "ఇంకా లేదండీ," అన్నాను. అమ్మ ఏడ్చింది. పాస్టరు గారు మాత్రం, "ఏడవకమ్మా, మనసు లేకుండా మునిగితే అది స్నానమే అవుతుంది. వీడు నిజం చెప్పాడు," అన్నారు. ఆ తర్వాత చదువు, ఉద్యోగం, వీసా. ఏటేటా వచ్చే ఏడు అనుకున్నాను.

పెళ్ళి మాటలప్పుడు మావయ్య గారు ఒప్పుకోలేదు. కాన్వెంటు స్కూల్లో ముప్పై ఏళ్ళు టీచరు, గుడి లేకుండా రోజు గడవని మనిషి. ఆయన కూతురు ఎంసీఏ చేసి టొరంటో కంపెనీకి పనిచేస్తోంది. నేను డిప్లొమా వాణ్ణి, బోల్టులు బిగించేవాణ్ణి. రెండు నెలలు ఆమె తండ్రితో వాదించింది. చివరికి ఆయన నాకు ఫోన్ చేసి ఒకటే ప్రశ్న అడిగారు. "బాబూ, నువ్వు బాప్తిస్మం తీసుకున్నావా?"

"తీసుకున్నానండీ."

"చాలు. మిగతావి దేవుడు చూసుకుంటాడు."

డిగ్రీ లేదు, డబ్బు లేదు, కనీసం పూర్తి క్రైస్తవుడినన్నా కావాలి కదా అనిపించింది ఆ క్షణంలో. ఆ తర్వాత ఇక్కడి గుడిలో ఫాదర్ గారు బాప్తిస్మం సర్టిఫికెట్ అడిగారు. మా పాస్టరు గారు అప్పటికి కాలం చేశారు. వాళ్ళ అబ్బాయి నా క్లాస్‌మేటే, సంఘం ఆఫీసు చూసుకుంటున్నాడు. "నాకు బాప్తిస్మం అయినట్టు ఒక లెటర్ పంపు, ఇక్కడ చిన్న ఫార్మాలిటీ రా," అని మెసేజ్ పెట్టాను. వాడు నమ్మాడు. మర్నాటికి లెటర్‌హెడ్ మీద సీలు వేసి పంపాడు. అమ్మ అనుమానంగా అడిగింది, "ఫాదరు గారు బాప్తిస్మం సంగతి ఏమీ అడగలేదా?" అని. "ఇక్కడ అవన్నీ అడగరమ్మా," అన్నాను.

ఇదంతా శనివారం పొద్దున వంటింట్లో నిలబడి చెప్పాను. మా ఆవిడ కుర్చీలో కూర్చుని విన్నది.

"బాప్తిస్మం లేకపోతే పెళ్ళి చెయ్యనన్నారా ఫాదర్?"

"లేదు. దానికి వేరే పర్మిషన్ ఉంటుందన్నారు. కొన్ని వారాలు పడుతుందన్నారు."

"అంటే ఇంకో ఫారం. అంతే కదా? ఇంకో ఫారం నింపేవాళ్ళం." లేచి మాడిన పెనం సింకులో పెట్టింది. "నేను మా నాన్న ముందు బైబిల్ మీద చెయ్యేసి చెప్పాను తెలుసా? నాతో అబద్ధం చెప్పే మనిషి కాదని."

నాకు తెలియదు. ఆ సంగతి ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

ఈ రోజు ఆదివారం. ఎప్పుడూ నేనే డ్రైవ్ చేసి వాళ్ళ చర్చిలో పూజకి తీసుకెళ్ళి పక్కన కూర్చుంటాను. ఇవాళ తాళాలు తనే తీసుకుంది. తిరిగొచ్చాక చెప్పులు కూడా విప్పకుండా తలుపు దగ్గరే నిలబడి చెప్పింది. "సత్‌ప్రసాదానికి లేవలేదు నేను. అందరూ లైన్లో వెళ్తుంటే వెనక బెంచీలోనే కూర్చున్నా. ఆ పర్మిషన్ లేకుండా జరిగింది కదా, గుడి లెక్కలో మన పెళ్ళి పెళ్ళేనో కాదో నాకు తెలియదు. తెలియకుండా ఎలా తీసుకోను?"

సత్‌ప్రసాదం అంటే పూజలో ఫాదర్ ఇచ్చే అప్పం, పెళ్ళి చెల్లకుండా కాపురం చేసేవాళ్ళు దాన్ని తీసుకోకూడదు. ఆమె మొదటిసారి తీసుకున్నప్పటి ఫోటో మా హాల్లో ఉంటుంది. తెల్ల గౌను, తలమీద పూల కిరీటం, ముందు పన్ను ఊడి ఉంటుంది. అప్పటినుంచి జ్వరం వచ్చిన రోజు తప్ప మానలేదని వాళ్ళమ్మ గొప్పగా చెప్పేది. నా మూలంగా మానింది.

"నేను ఫాదర్‌తో మాట్లాడతా, మనిద్దరం వెళ్దాం," అన్నాను.

"నేను తర్వాత వస్తా. ముందు నువ్వే చెప్పు. డిగ్రీ సంగతి ఊరంతా ఫోన్ చేసి చెప్పావుగా. ఇది కూడా నువ్వే చెప్పు. మా నాన్నకి కూడా. నేను పక్కన కూర్చోను."

లోపలికెళ్ళి బట్టలు మడత పెడుతోంది. నా చొక్కాలు కూడా మడత పెడుతోంది. అది క్షమాపణ అనుకునేంత తెలివితక్కువవాణ్ణి కాను. ఒక కాగితం తీసుకున్నాను.

ఇంకా ఫోన్ చేయాల్సినవాళ్ళు:

మావయ్య గారు. ఈ రోజే, ఆయన భోజనం చేసి పడుకోకముందే. ఆయన ప్రశ్నకి ఈసారి సరైన జవాబు.

ఫాదర్ గారు. ఆఫీసు రేపు తెరుస్తారు. లెటర్ అబద్ధమని ముందు చెప్పాలి, పెళ్ళి సంగతి తర్వాత అడగాలి.

పాస్టరు గారి అబ్బాయి. ఫాదర్ గారు వాళ్ళ సంఘానికి రాయకముందే.

అమ్మ. తనకి మతిమరుపన్నానని చెప్పాలి. బాప్తిస్మం ఎప్పుడని అడుగుతుంది. ఇప్పుడు తీసుకుంటే పెళ్ళి కోసం తీసుకున్నట్టవుతుందేమో తెలియడం లేదని చెప్పాలి.

ఫ్యాక్టరీలో మా సూపర్‌వైజరు. ఆయనకి డిగ్రీ సంగతి ఒక్కటే.